పందొమ్మిది తూట్లు

మా ఇంటికి మూడు గోడలే ఇటుకయి. నాలుగోది బురుజు. మెదక్‌ల మా గల్లికి కొత్తగ ఎవరొచ్చినా ముందుగాల అదే అడుగుతరు, "గా బురుజును ఆనుకొని ఎట్లుంటున్నరమ్మా, భయం కాదా?" అని. భయమెందుకు? నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చి ముప్పై రెండేండ్లయింది. మా ఆయన ఏసిన రేకుల కప్పుకు భయపడ్డ గని, బురుజుకు ఎన్నడు భయపడలే. పోయిన వానకాలం దాక.

అది లడాయి కోసం కట్టింది. ఎప్పుడు కట్టిండ్రో ఎవరికి తెల్వదు. రజాకార్ల జమానల దాని మీదికెక్కి తుపాకులు పట్టుకొని కావలి కాసిండ్రట, మా ఆయన తాత గూడ అండ్ల ఒకడు. పోలీస్ యాక్షన్ అయినంక తుపాకులు ఎటు పోయినయో పోయినయ్. బురుజును ఎవడెత్తుకపోతడు? కొన్నొద్దులు అండ్ల మేకలు తోలిండ్రు. కొన్నొద్దులు గడ్డి పెట్టిండ్రు. ఎలక్షన్లొస్తే పార్టీలోళ్లు దాని మీద గుర్తులేసిండ్రు. సెల్ టవర్ పెడ్తమని ఒకసారి టేపు పట్టుకొని వచ్చిండ్రు, కొలుచుకొని పోయిండ్రు, మళ్ల రాలే. తాత మటుకు కావలి దిగినంక ఎటూ పోలే. దాన్నే ఆనుకొని మూడు గోడలు లేపి కాపురం పెట్టిండు. బురుజు అడుగున మందుగుండు దాసిపెట్టే అర్ర ఒకటుంటది, మిట్టమధ్యాహ్నం గూడ సల్లగుంటది. గదే మా పడకర్ర.

మా బిడ్డ సానియాను రామాయంపేటల ఇచ్చినం. తొలిసూరు కాన్పు. ఏడో నెల పడంగనే, మే నెలల, ఇంటికి తోల్కొచ్చుకున్నం. వచ్చిన నాలుగోనాడే దాని మంచానికి పైన బురుజు గోడకున్న తూటుల నుంచి పాము తల బయటవెట్టింది. పిల్ల కెవ్వుమన్నది. నేను చీపురు తెచ్చేలోపల అది లోపలికే గుంజుకున్నది. ఇగ చూస్కో, నా నోరు లేచింది.

"ఇయ్యాల ఈ తూట్లన్ని మూస్తవా, లేకుంటె నన్ను, నా బిడ్డను రామాయంపేట బస్సెక్కిస్తవా? ఏదో ఒకటి చెప్పు" అన్న.

మా ఆయన ఉస్మాన్ మేస్త్రి. సిమెంటు పనిల ఊర్ల పేరున్నోడు. సిమెంటు బస్తా కనవడితె కోతికి కొబ్బరికాయ దొరికినట్టే ఆయనకు. పామును చూసి భయపడలే గని, నా నోటికి భయపడ్డడు. బురుజు చుట్టూత ఒకపారి తిరిగొచ్చిండు.

"పందొమ్మిది ఉన్నయే. అసలు తుపాకులే లేనప్పుడు తుపాకి తూట్లెందుకు? అన్ని మూసేస్త" అన్నడు.

నాకు గూడ గదే సరి అనిపిచ్చింది. లడాయి లేదు, తుపాకి లేదు, ఇగ తూటుతోని ఏం పని? మూడు బస్తాల సిమెంటు కలిపినం. తట్టలు నేనే మోసిన. కూలోళ్లు ఇద్దరు. పందొమ్మిది మూసి, రెండు మనిషెత్తుల దాక బురుజు చుట్టూత నున్నగ ప్లాస్టరింగ్ చేసిండు మా ఆయన. గల్లి అంత వచ్చి చూసింది. "మేస్త్రీ, కొత్త వాటర్ ట్యాంకు లెక్క చేసినవ్ గదా" అన్నరు.

కింది వరుస మూసే రోజే జకరయ్య కాక వచ్చిండు. మా పక్కిల్లు ఆయనదే, బురుజుకు దిగువన, మధ్యల నాలుగడుగుల సందు. డంగు సున్నం పనిల ఆయన్ని మించినోడు లేకుండె. మా ఆయనకు పదిహేనేండ్లప్పుడు తాపీ పట్టుడు నేర్పిందే ఆయన. ఇప్పుడు మోకాళ్లు పోయినయ్, కండ్లల్ల పువ్వొచ్చింది. కట్టె పట్టుకొని మెల్లగ వచ్చి, ప్లాస్టరింగ్ మీద అరచెయ్యి పెట్టిండు.

"ఉస్మాన్, మీదియి మూసుకుంటె మూస్కో. కిందియి మూయకురా. అన్ని తుపాకులయి గావు. కిందియి నీళ్లయి. బురుజు కడుపుల ఉన్నదంత మన్నే. వాననీళ్లు ఎటు పోవాలె?"

మా ఆయన చుట్టూత జనమున్నరు. పొగిడిన జనం. వాళ్ల ముంగల తప్పు ఒప్పుకునే మొగోణ్ణి నేను చూడలే.

"కాకా, నీ సున్నం జమానా అయిపోయింది. చర్చికి పొయ్యి ప్రార్థన చేస్కోరాదు, పనికాడ నీకేం పని?"

ఎవడో కిసుక్కున నవ్విండు. జకరయ్య కాక చేతికంటిన సిమెంటును లుంగీకి తుడుచుకొని పోయిండు. నేను తట్ట నెత్తిమీద పెట్టుకొని గక్కడనే నిలబడ్డ. ఒక్క మాట అడ్డం చెప్తె నా నోరేమన్న అరిగిపోతుండెనా? పాము తల యాదికొచ్చింది, చెప్పలే.

ఆగస్టు మొదట్ల సర్కారు దవాఖానల సానియాకు కొడుకు పుట్టిండు. మా సాయిబులల్ల బాలింత నలభై రోజులు గడప దాటదు. పిల్లను, పిల్లగాణ్ణి బురుజు అర్రల పండవెట్టి, వాము కలిపిన నీళ్లు తాపుకుంట, నేను మస్తు ఖుషీల ఉన్న. పాము లేదు, తూట్లల్ల పావురాల రొద లేదు.

ఇగ ముసురు పట్టింది. రెండొద్దులు పట్టి పోతదనుకుంటె, మూడోనాటికి ఆకాశానికి చిల్లువడ్డట్టే కొట్టింది. చెరువులు అలుగు దుంకుతున్నయన్నరు. రామాయంపేట రోడ్డు బందన్నరు. నాలుగోనాడు పొద్దుగాల, చాయ్ గూడ తాగలే, మా ఆయన ఆటో తీసుకొచ్చి గల్లిల నిలవెట్టిండు.

"సానియాను, పిల్లగాణ్ణి ఎక్కియ్. ఫుర్ఖాన్ ఇంటికి పంపిస్త."

ఫుర్ఖాన్ నా తమ్ముడు, బస్టాండు దిక్కు ఉంటడు.

"నీకు దిమాక్ గిట్ల ఖరాబైందా? పన్నెండొద్దుల బాలింత! ఈ వానల గడప దాటుతదా?"

"చెప్పింది చెయ్ తాజ్."

ముప్పై రెండేండ్లల్ల ఆయన నన్ను పేరు వెట్టి పిలిచింది శానా తక్కువ. మారు మాట్లాడకుండ పిల్లను లేపిన. పిల్లగాణ్ణి రెండు దుప్పట్లల్ల చుట్టి ఆటో ఎక్కిచ్చిన. "అమ్మీ, ఏమైంది?" అని సానియా అడుగుతనే ఉన్నది. ఏం చెప్పాలె, నాకే తెల్వదు.

ఆటో మలుపు తిరిగినంక చూస్తె మా ఆయన లేడు. జకరయ్య కాక ఇంటికి, బురుజుకు నడుమ సందుల ఉన్నడు. వానల తడుసుకుంట గోడకు ముఖం ఆనిచ్చి నిలబడ్డడు. నేను ఎనకకెల్లి పోయి చూసిన.

ఆయన చేసిన నున్నని ప్లాస్టరింగ్ మీద పగులు. నా వేలు వట్టేంత. దాని మీద అడ్డంగ క్యాలెండర్ కాగితం ముక్కలు అతికిచ్చి ఉన్నయ్, గోధుమపిండి ఉడకేసి. పైన ప్లాస్టిక్ కవర్లు కట్టి వాన తగలకుండ చేసిండు. మేస్త్రీలకు ఇది అలవాటే. పగులు మీద కాగితం అతికిస్తరు, చినగకుంటె గోడ నిలబడ్డట్టు, చినిగితె గోడ నడుస్తున్నట్టు. ఏడు ముక్కలు లెక్కవెట్టిన. ఏడుకేడు నడిమికి చినిగినయ్. పగులు కింద గోడ, కడుపుతోని ఉన్న మనిషి లెక్క, జకరయ్య కాక ఇంటి దిక్కు ముందుకొచ్చింది.

"ఎన్నొద్దుల సంది?"

"మూడొద్దులు" అన్నడు. నా దిక్కు చూడలే.

"కాకకు చెప్పినవా?"

ఆయన చినిగిన కాగితం ముక్కను వేలితోని ఒత్తుతున్నడు.

"మన పిల్లను ఆటో ఎక్కిస్తివి. ఆ ముసలోళ్లు మనుషులు గాదా? వాళ్ల నెత్తి మీదనే గదా పడేది!"

"ఏమని చెప్పాలె?" అని ఒక్కసారి ఒర్రిండు. "నేను చేసిన పని కూలుతుంది, లేవుండ్రి అని చెప్పాల్నా? పది మంది ముంగల ఆయన్ని ఏమన్ననో నీకు యాదికి లేదా? రేపు ఈ ఊర్ల ఉస్మాన్ మేస్త్రిని ఎవడు పనికి పిలుస్తడు? మున్సిపాల్టీకి ఫోన్ చేసిన. వాళ్లొచ్చి లేపుతరు."

"వాళ్లెప్పుడొస్తరు?"

"ఊరంత నీళ్లల్ల ఉన్నది. ఎప్పుడొస్తరో."

తౌబా! ఆయన చెంప మీద ఒకటి కొట్టాలనిపిచ్చింది. కొట్టలే. ఎందుకంటే ఆ సిమెంటు కలిపిన చేతులు నాయి.

జకరయ్య కాక ఇంట్లకు ఉరికిన. పెంకుటిల్లు, రెండు అర్రలు. కాక భార్య వజ్రమ్మ చిన్నమ్మ పొయ్యి మీద పప్పు పెట్టి, పొగ కండ్లల్ల పడ్తుంటె ఊదుగొట్టంతోని ఊదుతున్నది. కాక మంచంల బురుజు దిక్కే మల్లి పండుకున్నడు.

"చిన్నమ్మా, లేవుండ్రి. గోడ ఉబ్బింది. బిరాన లేవుండ్రి, మా తమ్ముని ఇంటికి పోదాం."

ఆమె ఊదుగొట్టం కింద పెట్టింది. ఎక్కడ తొందర లేదు ఆ మనిషికి.

"నాకు తెల్సు బిడ్డా. మీల బాలింత నలభై రోజులు గడప దాటదు. పన్నెండోనాడు, గింత వానల, నీ మొగడు నీ బిడ్డను ఆటో ఎక్కిచ్చిండు. తలుపు సందుకెల్లి చూసిన. అప్పుడే సమజైంది."

"సమజైతె ఇంక కూసున్నరేంది? దండం పెడ్త, లేవుండ్రి!"

"లేవ."

"చిన్నమ్మా!"

"ఉస్మాన్ రావాలె. ఈ ఇంట్ల తిన్నోడు. ఈయన చేతి కింద పని నేర్సినోడు. నలుగురి ముంగల ఈయన్ని ప్రార్థన చేస్కొమ్మని ఎల్లగొట్టిండు. మే నెల సంది ఈ ముసలోడు సరిగ బువ్వ తింటలేడు. కాకా, నేనే మూసిన, తప్పయింది, లేవు అని వాని నోటితోని ఒక్క మాట. నాకు గంతే కావాలె. అనకుంటె, పడనియ్ గోడ. ప్రభువు దగ్గరికి ఇద్దరం ఒక్కపారే పోతం, మంచిదే."

మూయించింది నేను. ఆయన కాదు, నేను. బస్సెక్కుతనని బెదిరిచ్చి మూయించిన. ఆ మాట నా నాలిక చివర దాక వచ్చింది. చెప్తె ఆమె లేసేదేమో. చెప్పలే. సిగ్గో, భయమో, ఏం రోగమో. కాక చెయ్యి పట్టుకొని గుంజిన, ఆయన కదలలే. "పో బిడ్డా" అన్నడు, గోడ దిక్కే చూసుకుంట.

బయటికొచ్చి మా ఆయనకు చెప్పిన. చిన్నమ్మ అన్నది అన్నట్టే చెప్పిన, ఒక్క ముక్క మిగలవెట్టలే.

ఆయన మా అరుగు మీద కూలవడ్డడు. వాన నెత్తి మీద పడ్తనే ఉన్నది. గల్లిల వాళ్లు ఒక్కొక్కరు గొడుగులు పట్టుకొని వచ్చి దూరంగ నిలబడ్డరు, అందరికి పగులు కనిపిస్తనే ఉన్నది. "మేస్త్రీ, ఏం చేద్దాం?" అని ఎవరో అడిగిండ్రు. ఆయన లేచిండు. వాళ్ల ఇంటికి పోతడనుకున్న. పోలే. మా ఇంట్లకు పోయి ఉలి, సుత్తె తెచ్చుకున్నడు. బురుజు ముంగటికి పోయి, అందరు చూస్తుండంగ, తను నున్నగ చేసిన గోడకు ఉలి ఆనిచ్చి కొట్టుడు మొదలుపెట్టిండు.

ఠంగ్. ఠంగ్. సిమెంటు పెచ్చులు లేస్తున్నయ్. ఆయన ఏం చేస్తున్నడో గల్లి మొత్తానికి సమజైంది. మే నెలల పొగిడినోళ్లే చూస్తున్నరు. ఆయన మెడ నరాలు ఉబ్బినయ్. కండ్లల్ల నీళ్లో వాననో తెల్వదు.

ఒక ఇరవై దెబ్బలైనయో లేదో, జకరయ్య కాక ఇంట్లకెల్లి కేక.

"ఎవడ్రా వాడు? గోడకు గొడ్డలి ఏసినట్టు ఏస్తున్నడు! ఎవడు నేర్పిండ్రా నీకు?"

మా ఆయన సుత్తె ఆగింది.

తలుపు తెరుసుకున్నది. కాక నెత్తి మీద గోనెసంచి ఏసుకొని, కట్టె పొడుసుకుంట, సందు దాటి వస్తున్నడు. ఎనుకనే చిన్నమ్మ, చెప్పులు గూడ లేకుండ. "ఓ ముసలోడా, ఏడికి పోతున్నవ్? జారి పడ్తవ్! నేను చెప్పిన గదా, వాడు వచ్చి చెప్పిందాక..." అని ఆయన రెక్క పట్టుకొని గుంజుతున్నది. ఆయనకు ఇనవడితె గదా.

"ఉలి అంత నిటారుగ పట్టకురా. పండవెట్టు. సుత్తె మెల్లగ. గోడ అదరొద్దు" అన్నడు. మే నెల సంది ఇద్దరి నడుమ అదే మొదటి మాట. "గిది గాదు నీళ్లది. దీన్ని ఇడిచిపెట్టు. అటు తిరుగు, ఉబ్బని దిక్కుకు. ముందుగాల అటుకెల్లి తియ్యాలె. ఉబ్బిన దిక్కు ఉలి పెడితె నీ మీదనే పడ్తది."

మా ఆయన అటు తిరిగిండు.

కాకకు కండ్లు సరిగ కనవడవు. వేళ్లు ముడిచి గోడను కొట్టుకుంట పోయిండు, తలుపు కొట్టినట్టు. ఒక్కొక్క తావుల ఆగి, "ఇక్కడ" అంటడు. మా ఆయన ఉలి పెడ్తడు. మొదటి తూటు తెరుసుకోంగనే ఎర్రటి నీళ్లు మా ఆయన ఛాతి మీద కొట్టినయ్, ఎనకకు పడ్డడు. యా అల్లా, అన్ని నీళ్లు! మూడొద్దుల వాన అంత ఆ కడుపుల దాసుకొని నిలబడ్డది అది. రెండోది. మూడోది. నేను తట్టతోని పెచ్చులు ఎత్తిపోస్తున్న. గల్లి పోరగాళ్లు కాలువ తవ్వి నీళ్లు మల్లిస్తున్నరు. చిన్నమ్మ గొడుగొకటి ఎవరి దగ్గరనో గుంజుకొని కాక నెత్తి మీద పట్టింది. తిడ్తనే ఉన్నది, పట్టుకొనే ఉన్నది.

ఐదు తెరిసినం. ఆరోది ఉబ్బిన దిక్కుది.

మా ఆయన సందులకు పోబోయిండు. కాక ఆయన అంగీ కాలరు దొరకబట్టుకున్నడు. బలమంత పెట్టి.

"వద్దు."

"ఒక్కటే ఉన్నది కాకా. గది తీస్తె నీ ఇల్లు ఆగుతది."

"వద్దంటున్న గదరా. ఇల్లు పోతె పోనీ. ఆగు."

ఆ మాట నోట్లె ఉండంగనే గోడ ఒదిలింది. అందరు అనుకున్నంత సప్పుడు కాలే. తడి మన్ను గదా, దభ్‌మని ఒక్కటే సప్పుడు, ఎనుక పెంకులు పటపటమన్నయ్. ఆ తర్వాత వాన సప్పుడే. మేం చూసేసరికి బురుజు సగం లేదు. జకరయ్య కాక ఇల్లున్న తావుల రాళ్లు, ఎర్రమన్ను, ఒక దూలం చివర.

మా ఆయన రెండు చేతులు నెత్తి మీద పెట్టుకొని బురదల కూసున్నడు. కాక ఆయన కాలరు ఇంకా ఇడువలే.

"పొయ్యి మీద పప్పు పెట్టొచ్చిన" అన్నది చిన్నమ్మ.

ఆ రాత్రికి ఇద్దరిని మా ముందటి అర్రల ఉంచుకున్నం. పొద్దుగాలకు వాన తెరిపిచ్చింది. మున్సిపాల్టీ ఇంజనీర్ సారు ఇద్దరు మనుషులను తీసుకొని వచ్చిండు. పాపం ఆయన కండ్లు ఎర్రగున్నయ్, రాత్రంత ఊరు తిరిగినట్టున్నడు. మిగిలిన సగం చుట్టూత తిరిగి చూసి, నీళ్లు కారుతున్న తూట్లు చూసి, "ఇది నిలబడ్తదిలే, కూలగొట్టే పని లేదు" అన్నడు. మా ఇల్లు పోదని అప్పుడు తెలిసింది. సంతోషపడాలె గదా. నాకు సంతోషం కాలే. మా ముందటి అర్రల కుర్చీ ఏస్తె సారు కూసొని ఫారం తీసిండు. తలుపు కాడ గల్లి మొత్తం నిలబడ్డది.

"పాత కట్టడం. వానకు నాని కూలింది. గంతే గదా?" అనుకుంట రాస్తున్నడు.

జకరయ్య కాక గోడకు ఆనుకొని కూసున్నడు. "గంతే సార్" అన్నడు. "ముసలిది. నా లెక్కనే."

ఒక్క మాటతోని మా ఆయన్ని తప్పుల నుంచి బయటవడేసిండు. అందరు సరేనన్నట్టు తల ఊపిండ్రు. ఇగ అయిపోయిందనుకున్న నేను గూడ.

"కాదు సార్" అన్నడు మా ఆయన.

ఇంజనీర్ తల ఎత్తిండు.

"వానకు కూలలే. ఇన్నేండ్ల వానలకు కూలనిది ఇప్పుడు కూలుతదా? నేను మూసిన. మే నెలల, దాని తూట్లన్ని, నా చేతులతోని. నీళ్లు పోయే దారి బందు చేసిన. ఈ పెద్దమేస్త్రి వద్దని చెప్పిండు. ఇనలే. అందరి ముంగల ఆయన్ని అనరాని మాటలన్న. పగులు వచ్చినంక గూడ మూడొద్దులు చెప్పలే. ఉస్మాన్ మేస్త్రి చేసిండని రాసుకోండ్రి."

ఇంజనీర్ ఫారంను ఇటు తిప్పి అటు తిప్పి చూసిండు. "మేస్త్రీ, గవన్ని రాసేతందుకు ఇండ్ల జాగ లేదు" అన్నడు, మెల్లగనే.

"జాగ లేకుంటె ఎనుక రాయుండ్రి సార్. రాసిందాక నేను సంతకం పెట్ట."

సారు కొంతసేపు ఆయన ముఖం చూసిండు. ఫారం తిప్పి రాసిండు. మా ఆయన సంతకం పెట్టి, కాక ముంగట మోకాళ్ల మీద కూసున్నడు. కాక ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఊకోరా" అన్నడు.

చిన్నమ్మ మంచం మీద కూసొని అంతా చూస్తనే ఉన్నది. పాతిక మంది ముంగల, ఆమె అడిగిన మాట కంటె పెద్ద మాటనే అన్నడు ఆయన.

"ఇప్పుడు చెప్తున్నవా ఉస్మాన్?" అన్నది. "లేవుమంటె లేచేతందుకు ఇప్పుడు ఇల్లేదిరా నాకు?"

గల్లోళ్లు తల దించుకొని ఒక్కొక్కరు పోయిండ్రు. సారు పోయిండు. కాకను తోల్కొని మా ఆయన రాళ్ల కుప్ప కాడికి పోయిండు, ఏమన్న మిగిలినయేమో చూద్దామని. అర్రల నేను, చిన్నమ్మ మిగిలినం.

నేను పోయి మంచం మీద ఆమె పక్కకు కూసున్న.

"చిన్నమ్మా, మూయించింది నేను. ఆయనకు ఆ ఆలోచన గూడ లేకుండె. పామును చూసి నేనే లొల్లి చేసిన. కాక నీళ్ల సంగతి చెప్పినప్పుడు పక్కనే ఉండి ఇన్న, నోరు మూసుకున్న. నిన్న మీ ఇంటికొచ్చినప్పుడు గూడ చెప్పాలనుకొని చెప్పలే."

ఆమె నా ముఖం చూడలే. ఒళ్లె చేతులు పెట్టుకొని కూసున్నది. తిడ్తదనుకున్న. తిట్టాలె అనుకున్న. తిడ్తె నాకు జర నిమ్మళమయ్యేది.

"జరుగు" అన్నది ఆఖరికి. "నిన్నటి సంది నడుం వాల్చలే."

నేను లేచి నిలబడ్డ. ఆమె మా మంచంల గోడ దిక్కు మల్లి పండుకున్నది.